ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాలా, పెద్దమనుషుల్లో పెట్టుకోవాలా?

సబ్‌కోర్టుమెట్లు: నరసరావుపేటలో ఓ కిరాణా వ్యాపారి అనుకోండి. ప్రోనోట్ల మీద 18 లక్షలు, ఇంటి లోను 6 లక్షలు, అప్పులవాళ్ల చేతిలో రెండు చెక్కులు. ఐపీ పెడితే బయటపడతాడా?

తిరగలి: పడతాడు. మనకి నడుస్తున్నది ఇంకా 1920 ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం, కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ల వరకే 2019 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. తీర్చలేని అప్పు 500 రూపాయలున్నా పిటిషన్ వేయొచ్చు. దివాలాదారుగా ప్రకటించాక కోర్టు అనుమతి లేకుండా ఎవరూ దావా వేయలేరు.

చిత్తుఖాతా: సగమే చెప్పారు. ప్రకటించినంత మాత్రాన అప్పు పోదు, డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఇచ్చే ఆర్డరు, వస్తేనే పోతుంది. దానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రకటించేటప్పుడే కోర్టు గడువు చెబుతుంది. అది దాటితే దివాలా ప్రకటనే రద్దు. ప్రోనోటు మూడేళ్లకి మురిగిపోయిందిలే అనుకోవడానికీ లేదు: ఐపీలో రుజువు చేసుకున్న అప్పుకి, ప్రకటన నుంచి రద్దు దాకా నడిచిన కాలం లిమిటేషన్‌లో (దావా వేసే గడువులో) లెక్కకి రాదు.

అమీనా: ఇంటి లోనుకి ఐపీ అడ్డం రాదండీ, తాకట్టున్న బ్యాంకు తన దారిన వేలం వేసుకుంటుంది. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు. షూరిటీ సంతకం పెట్టిన బావమరిదీ తప్పించుకోలేడు, ఈయనకి డిశ్చార్జి వచ్చినా సరే. అన్నిటికన్నా దెబ్బ తీసేది గిఫ్టు దస్తావేజు. భార్య పేర స్థలం రాసిన రెండేళ్లలోపు ఐపీ పడితే రిసీవర్ (దివాలాదారు ఆస్తులు చూసేందుకు కోర్టు పెట్టే మనిషి) దాన్ని రద్దు చేయించొచ్చు. ఆస్తి దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు.

పావలావడ్డీ: అదే ఉద్యోగస్తుడైతే జీతం మొత్తం పోతుందా?

అమీనా: పోదు. అప్పు డిక్రీకి (అప్పు కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పుకి) మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోరు. 30 వేల జీతంలో జప్తయ్యేది 9,666. ఒక డిక్రీకి 24 నెలలే. పీఎఫ్ జోలికి రారు.

తిరగలి: అప్పు కట్టలేదని జైలు భయమూ అక్కర్లేదు. చేతిలో లేక కట్టలేనివాణ్ణి జైల్లో పెట్టకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

చిత్తుఖాతా: మరి ఆ వ్యాపారి సంగతి? తాకట్టు లేని 18 లక్షలకి ఆస్తులు 9 లక్షలైనా పలకకపోతే, అది తన తప్పు కాదని చూపించుకోవాలి. లేకపోతే పూర్తి డిశ్చార్జి ఇవ్వరు. మూడేళ్ల ఖాతా పుస్తకాలు లేకపోయినా అంతే. నిజంగా 9 లక్షలు పుట్టేట్టుంటే, ఆ మొత్తానికి ముందే ఒప్పుకునే అప్పులవాళ్లు దొరుకుతారు. నా ఓటు పెద్దమనుషులకే.

తిరగలి: అందరూ ఒప్పుకుంటే సరే. ఒక్కడు మొండికేస్తే?

చిత్తుఖాతా: అందుకే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టాలి. ఇద్దరికి కట్టేసి మూడు నెలల్లోపు ఐపీ పెడితే, వాళ్లకే మేలు చేయాలని కట్టాడంటూ రిసీవర్ ఆ డబ్బు వెనక్కి లాగుతాడు. కట్టిన ప్రతి ప్రోనోటు మీదా చెల్లు రాయించి అసలు కాగితం తీసుకోవాలి. చెక్కులూ అప్పుడే, అక్కడే.