1/72 లిబరేటర్ తోక మీద కూలబడుతున్నది, ముక్కులో ఎంత బరువు వేయాలె?

నల్లగొండ నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్తే. 1/72 స్కేల్ బి-24 లిబరేటర్ బాంబర్ విమానం ప్లాస్టిక్ మోడల్ కడుతున్న, మన ఎయిర్‌ఫోర్స్ గుర్తులతోని. ఫ్యూజలేజ్ (విమానం మొండెం) రెండు చెక్కలు ఇంకా అతికించలేదు. టేపు చుట్టి నిలబెడితే తోక మీద కూలబడుతున్నది. బరువు ఎంత, ఎక్కడ పెట్టాలె? ఇంకో మూడు సందేహాలు: సూపర్ గ్లూతో పెట్టిన పక్క కిటికీ అద్దం తెల్లగ మసకబారింది. ఎయిర్‌బ్రష్‌తోని (గాలితో రంగు చల్లే పెన్ను) కొట్టిన అక్రిలిక్ రంగు చెయ్యి పెడితే గరుకు తగులుతున్నది. పనికిరాని ముక్క మీద డికాల్ (నీళ్లలో ముంచి అంటించే గుర్తు) వేసి చూస్తే చుట్టూ తెల్ల మరక వచ్చింది. వాడేది బోరు నీళ్లే.

దేవరకొండ అన్న:
తమ్మీ, అతికించకముందే అడిగినవు, మంచిగైంది. లాంకాస్టర్, బి-17 లాంటివి తోక చక్రం మీద కూర్చునే విమానాలు, వాటికి ఈ బాధ లేదు. లిబరేటర్‌కు చక్రం ముక్కు కింద ఉంటది కాబట్టి బరువు తప్పదు.

ఎన్ని గ్రాములని ఒకరిని అడిగి వేయకు, ప్రతి కిట్టుకు లెక్క మారుతది. రెక్కలు, తోక, ఇంజన్లు, టరెట్లు (తుపాకీ గూళ్లు) అన్నీ టేపుతో బిగించు. పెద్ద చక్రాలు నేలను తాకే చోటుకు సరిగ్గా పైన, రెక్క కింద ఒక గుండ్రటి పెన్సిల్ అడ్డంగా పెట్టు. ముక్కుకు చిన్న ప్లాస్టిక్ సంచి అంటించి, అందులో ఒక్కొక్క సీసం గుండు వేసుకుంట పో. ముక్కు కిందికి వాలంగనే ఆపి, సంచిని తూకం వేయి. దానికి పావు వంతు కలుపు, ఎందుకంటే జంట తోక మీద పడే పుట్టీ, రంగు, వార్నిష్ బరువు తర్వాత వస్తది.

గుండ్లు కూడా సంచి ఉన్నంత ముందుకే పెట్టాలె. చక్రాలకు 8 సెంటీమీటర్ల ముందు 20 గ్రాములు చేసే పని 4 సెంటీమీటర్ల దగ్గర చేయాలంటే 40 కావాలె. కాని ఈ విమానం ముక్కంతా అద్దాలే, బాంబు గురిపెట్టే కిటికీలోంచి సీసం కనిపిస్తే పరువు పోతది. కాక్‌పిట్ నేల కింద, ముక్కు చక్రం గూటికి రెండు పక్కల, నోస్ టరెట్ వెనక గోడకు దాచు. చాలకపోతే నాలుగు ఇంజన్ కౌలింగుల (ఇంజన్ చుట్టూ ఉండే మూతల) లోపల వేయి, అవి కూడా పెద్ద చక్రాలకు ముందే ఉంటయి. బాంబు బే తలుపులు తెరిచి చూపెడదామనుకుంటే మాత్రం ఆ పక్కకు గుండ్లు రానీయకు.

చేపల వలకు కట్టే సీసం గుండ్లు సాగర్ దిక్కు వలల దుకాణాల్లో తూకానికి ఇస్తరు. సుత్తితో చప్పగ కొడితే సందుల్లో ఇముడుతయి. సైకిల్ బేరింగ్ గుండ్లు కూడా నడుస్తయి గాని, అంత బరువుకే ఒకటిన్నర రెట్ల చోటు తింటయి. సీసం ముట్టినంక చేతులు సబ్బుతో కడుక్కో, ఇంట్లో కరిగియ్యకు.

నల్లగొండ నుంచి:
గుండ్ల మీద ఫెవికాల్ పోస్తే ఆగుతయా అన్నా?

దేవరకొండ అన్న:
వద్దే వద్దు. అలాంటి తెల్ల జిగురులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని నెమ్మదిగ తింటది. తెల్ల పొడి పుట్టి గుండ్లు ఉబ్బుతయి. ఏండ్లు గడిచినంక ముక్కు అతుకు దగ్గర పగులుతది, అప్పుడు విప్పే దారి కూడా ఉండదు. ఎపాక్సీ వాడు: అరాల్డైట్ గాని, ఎం-సీల్ గాని. ఎం-సీల్ పిసికి గుండ్లను అందులో గుచ్చితే కదలవు, గలగల చప్పుడు రాదు. ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ పెన్సిల్ మీద చూసి, అప్పుడు చెక్కలు అతికించు.

మిర్యాలగూడ:
రంగు గరుకు పోవాలంటే పెయింట్ షాపులో దొరికే ఎన్.సి. థిన్నర్ (లాకర్ థిన్నర్) కలుపు. నున్నగ వస్తది.

వనపర్తి సార్:
ఆ సలహా జర ఆగి చూడాలె. టామియా కంపెనీ అక్రిలిక్‌లో లాకర్ థిన్నర్ కలుస్తది, నిజమే. కాని షాపు థిన్నర్ ఘాటుది, డబ్బా డబ్బాకు తేడా ఉంటది. తడిగ కొడితే ప్లాస్టిక్‌ను కరిగించి ప్యానెల్ గీతలు మింగేస్తది. దాన్ని ఎయిర్‌బ్రష్ కడగడానికి ఉంచండి. వల్లెహో లాంటి నీటి రంగులైతే స్పిరిట్, థిన్నర్ ఏది కలిపినా పెరుగు విరిగినట్టు అయితది. వాటికి వాటి థిన్నరే.

గరుకుకు అసలు కారణం మన ఎండ. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, చుక్క మోడల్‌ను చేరకముందే గాలిలో ఆరిపోయి పొడిలాగ పడుతది. పొద్దున ఆరు, ఏడు గంటలకు కొట్టండి. ఫ్యాన్ బంద్. 0.3 మి.మీ. నాజిల్‌తో ఒత్తిడి 15 పీఎస్‌ఐ చుట్టుపక్కల, దూరం 7–8 సెంటీమీటర్లు. టామియా అక్రిలిక్ అయితే రంగు ఒక పాలు, థిన్నర్ ఒకటిన్నర పాళ్లు, పైన రెండు మూడు చుక్కల రిటార్డర్ (రంగు తొందరగ ఆరకుండ చేసేది). కంపెనీ థిన్నర్ దొరక్కపోతే మెడికల్ షాపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనిచేస్తది. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటది. ఇప్పటికే గరుకైన చోట 2000 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి మెల్లగ రుద్ది, మీద ఒక పలచటి పూత వేస్తే సరిపోతది.

వానకాలంలో దీనికి తిరుగుడు: గాలిలో తేమకు లాకర్ తెల్లగ పాలిపోతది. అప్పుడు కంప్రెసర్‌కు తేమ పట్టే ట్రాప్ లేకుండా మొదలే పెట్టొద్దు.

జడ్చర్ల అక్క:
అద్దం సంగతి ఎవరూ చెప్పలే. సూపర్ గ్లూ ఆరేటప్పుడు లేచే ఆవిరి అద్దం మీద పేరుకుంటది, ఆ తెలుపు అదే. ఫ్యూజలేజ్ తెరిచే ఉన్నది కాబట్టి లోపలి పక్క కూడా అందుతది. 2000 పేపర్ తడి చేసి రుద్ది, టూత్‌పేస్ట్ పెట్టి మెత్తటి గుడ్డతో తోము, చివరకు గ్లోస్ క్లియర్ (మెరిసే పారదర్శక వార్నిష్) ఒక పూత. మిగిలిన కిటికీలకు, టరెట్లకు ఫెవికాలే మంచిది. సీసానికి పనికిరాదు గాని ఇక్కడ దానికి మించింది లేదు, ఆరితే పారదర్శకమే. టరెట్ చట్రానికి మాస్కింగ్ వేసినంక ముందు కాక్‌పిట్ లోపలి రంగు, దాని మీద బయటి రంగు కొట్టు. లోపలి నుంచి చూసినప్పుడు చట్రం సరైన రంగులో కనిపిస్తది.

డికాల్ మరకకు నీళ్లే కారణం. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఆరంగనే డికాల్ కింద, అంచుల చుట్టూ తెల్ల చారలు మిగులుతయి. నల్లగొండ అనంగనే అందరు ఫ్లోరైడ్ అంటరు, ఈ మరకలు మాత్రం కాల్షియం, మెగ్నీషియంవి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో, అడిగేటప్పుడు యాసిడ్ కాదని గట్టిగ చెప్పు. గోరువెచ్చగ చేసి, 10–15 సెకన్లు ముంచి, తీసి ఒక నిమిషం ఆగితే కాగితం మీద దానంతట అదే జారుతది.

చుట్టూ కాకుండ లోపల వెండిలాగ మెరిస్తే అది నీళ్ల తప్పు కాదు, మ్యాట్ రంగు గరుకులో చిక్కిన గాలి. అందుకే ముందు గ్లోస్ క్లియర్ వేసి ఒక రోజు ఆరనియ్యాలె. డికాల్‌ను అతికించి మెత్తబరిచే ద్రవాలు ఉంటయి: కింద మైక్రో సెట్, మీద మైక్రో సోల్. సోల్ వేసినంక డికాల్ ముడతలు పడుతది, భయపడి వేలు పెట్టకు, చిరుగుతది. ఆరేసరికి అదే సాపు అయితది.

వనపర్తి సార్:
గుర్తుల గురించి ఒక మాట. కాన్పూర్‌లో బ్రిటిష్ వాళ్లు వదిలేసి పోయిన లిబరేటర్లను హెచ్‌ఏఎల్ బాగు చేసి ఇచ్చింది. 1948 నుంచి 1968 దాకా అవి మన దగ్గర ఎగిరినయి. 1950 జనవరికి ముందు గుర్తు నీలం అశోక చక్రం, ఆ తర్వాత బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. రెండూ ఒకే విమానం మీద కలపకండి. ఏ సంవత్సరం విమానం చేస్తున్నరో ముందు ఫోటో పట్టుకొని, రంగు దానిని బట్టి వేయండి. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటి ఉన్నది, దాని ఫోటోలు రివెట్లకు, యాంటెన్నాలకు పనికొస్తయి.

నల్లగొండ నుంచి:
సీసం అంత వేస్తే ముక్కు చక్రం కాలు వంగదా? కిట్టులోది అగ్గిపుల్ల కన్న సన్నగ ఉన్నది.

దేవరకొండ అన్న:
వంగుతది. కాలుకు పైన, కింద పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్) 0.8 మి.మీ. రంధ్రం చేసి, అంతే మందం ఉక్కు తీగ ముక్కను ఎపాక్సీతో దింపు. గూటి పైకప్పులోకి తీగ కనీసం 5 మి.మీ. దూరాలె, అక్కడ లోపలి నుంచి ఎం-సీల్ ముద్ద పెట్టు. ఇది కూడా చెక్కలు మూయకముందే. చక్రాలు మాత్రం డికాల్స్, చివరి మ్యాట్ పూత అయినంకనే పెట్టు, లేకుంటే పట్టుకొని తిప్పేటప్పుడు మొదట విరిగేది అవే.