గోల్ఫ్ డౌన్‌స్వింగ్‌లో వేగం నడుముదా, చేతులదా?

బంకర్ బాధితుడు: డౌన్‌స్వింగ్‌ను, అంటే పైకెత్తిన క్లబ్‌ను బంతి మీదికి దించే ఊపును, నడుముతోనే మొదలుపెట్టాలని అమెరికన్ గోల్ఫ్ ఆటగాడు బెన్ హోగన్ కాలం నుంచీ చెబుతున్నారు. నేను ఏడాదిగా నడుమును శక్తికొద్దీ తిప్పుతున్నాను. అయినా డ్రైవర్‌తో (దూరం కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్) క్లబ్‌హెడ్ (క్లబ్ తల) వేగం గంటకు 92 మైళ్లు దాటడం లేదు, పైగా బంతి కుడివైపుకు పోతోంది (నాది కుడిచేతి ఆట). వేగం నిజంగా నడుములోనే ఉందా?

పాత ఐరన్: లేదనే నా వాదన. 1916లో యుద్ధంలో కుడికాలు మోకాలి కింద పోగొట్టుకున్న ఇంగ్లిష్ గోల్ఫ్ ఆటగాడు ఎర్నెస్ట్ జోన్స్, కొన్ని నెలలకే ఒంటికాలిపై నిలబడి 18 హోల్స్‌ను 83 స్ట్రోకుల్లో ముగించాడు. చేతులతో క్లబ్‌హెడ్‌ను ఊపడం వస్తే ఒళ్లు దాని వెంట తానే కదులుతుంది.

నెమ్మది: పాత ఐరన్ గారూ, 83 అనేది స్కోరు, వేగం కాదు. జోన్స్ బంతిని చక్కగా కొట్టగలిగాడని అది చెబుతుంది గాని, రెండు కాళ్లున్నప్పుడు కొట్టినంత దూరం కొట్టాడని చెప్పదు. మంచి స్వింగ్‌లో ముందు నడుము, తర్వాత ఛాతీ, ఆపైన చేతులు, చివరికి క్లబ్ తమ గరిష్ఠ వేగాన్ని అందుకుంటాయి; ముందుది మందగిస్తున్నప్పుడే దాని ఊపు తర్వాతిదానికి చేరుతుంది. బాధితుడు గారు నడుమును ఒక్కసారిగా విసిరేస్తున్నట్టున్నారు. అప్పుడు చేతులు వెనకబడతాయి, క్లబ్ ముఖం తెరుచుకునే (కుడివైపుకు చూస్తూనే) ఉంటుంది, బంతి కుడికి పోతుంది. మణికట్టు మడతను బలవంతంగా పట్టి ఉంచినా ఇదే నష్టం: విడవాల్సిన క్షణంలో అది విడవదు.

పాత ఐరన్: వరుసను ఒప్పుకుంటాను. అయితే డౌన్‌స్వింగ్ అంతా కలిపి దాదాపు పావు సెకను. అంతలో నడుముకూ ఛాతీకీ చేతులకూ విడివిడిగా ఆజ్ఞలు జారీ చేయగల మొనగాణ్ణి నేనింతవరకు చూడలేదు. డ్రైవర్‌ను తిరగేసి, క్లబ్ తల దగ్గర షాఫ్ట్‌ను (కాడను) వదులుగా పట్టుకుని గాలిలో ఊపండి. ‘స్‌ష్’ అనే చప్పుడు బంతి ఉండే చోట గాని, దాటాక గాని గట్టిగా వినిపించాలి. కుడి భుజం దగ్గరే వినిపిస్తే వేగం ముందే ఖర్చయిపోయిందన్నమాట.

నెమ్మది: ఈ పరీక్షపై మనకు తగాదా లేదు. ఆ చప్పుడు ముందుకు జరగాలంటే కింది నుంచి వరుస కుదరాలనే నేననేది.

బంకర్ బాధితుడు: ఇద్దరి మాటా విని ఊపి చూశాను. నడుమును విసిరినప్పుడు చప్పుడు కుడి తొడ దగ్గరే వచ్చి సన్నగిల్లింది. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, పట్టు సడలించి, తొందరపడకుండా ఊపితే అది ఎడమ పాదం దాటాక వినిపించింది. అప్పుడు కూడా నడుము తిరిగింది, కాకపోతే నేను తిప్పలేదు.