బోస్టన్ మేయర్ కర్లీ: పేదల మనిషా, పేదల్ని వాడుకున్నవాడా?

పాత_కాగితం: జేమ్స్ మైకేల్ కర్లీని నిన్న ఇక్కడ ఒకరు మహానుభావుడన్నారు. నాలుగుసార్లు మేయరయ్యాడు, నిజమే. రెండుసార్లు జైలుకీ వెళ్ళాడు. మొదటిసారి 1904లో. పోస్టల్ ఉద్యోగం పరీక్ష వేరేవాడి పేరు మీద రాసి దొరికిపోయాడు.

గట్టుమీద_చెట్టు: ఆ ఒక్క పరీక్ష పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతారండీ? వాళ్ళ అమ్మానాన్నలు ఐర్లండ్‌లోని గాల్వే నుంచి వలస వచ్చారు. ఇతనికి పదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి నేలలు తుడిచి పిల్లల్ని పెంచింది. అది మర్చిపోలేదు కాబట్టే, మేయరయ్యాక సిటీ హాల్లో తుడిచే ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పాకక్కర్లేకుండా పొడుగు కర్రల మాపులు తెప్పించాడు. సిటీ హాస్పిటల్ పెంచాడు. పాత ప్రొటెస్టంట్ కుటుంబాలవాళ్ళు ఐరిష్‌వాళ్ళని గుమ్మం దగ్గరే ఆపే రోజులవి.

పాత_కాగితం: మాపులు సరే. పరీక్ష సంగతి చెప్పండి.

సరదా_రావు: జైల్లో ఉండగానే ఆల్డర్మన్‌గా, అంటే నగర పాలక సభ సభ్యుడిగా, గెలిచాడట కదా! మనవాళ్ళకి చెప్పకండి బాబూ.

గట్టుమీద_చెట్టు: గెలిచాడు. ‘స్నేహితుడి కోసం చేశాడు’ అన్నదే ప్రచారం అయింది.

చార్లెస్_ఒడ్డు: నేనుండేది బోస్టన్‌లోనే. ఫానియల్ హాల్ దగ్గర ఆయన విగ్రహాలు రెండున్నాయి, ఒకటి బెంచీ మీద కూర్చున్నట్టు. పక్కనే కూర్చుని శాండ్‌విచ్ తిన్నాను కూడా. ఇద్దరు ఆర్థికవేత్తలు ‘కర్లీ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు: పన్నులతో, తిట్లతో డబ్బున్నవాళ్ళని ఊరు వదిలిపోయేలా చేస్తే మిగిలేది తన ఓటర్లే. ఊరు చిక్కిపోతుంది, నాయకుడు బలుస్తాడు.

గట్టుమీద_చెట్టు: ఆర్థికవేత్తలు ఎప్పుడైనా నేల తుడిచారా?

పాత_కాగితం: మా తమ్ముడు రెండేళ్ళు చదివి రాసిన పరీక్షలో పక్క బెంచీవాడి బదులు ఇంకెవడో కూర్చున్నాడు. ఆ ఉద్యోగం పక్క బెంచీవాడికే వచ్చింది. మావాడు ఇప్పటికీ ఆ ఊసెత్తితే లేచి వెళ్ళిపోతాడు. కర్లీ స్నేహితుడి వెనక కూడా ఒక తమ్ముడు ఉండే ఉంటాడు. వాడి పేరు ఎవరికీ తెలీదు.

గట్టుమీద_చెట్టు: మీ ఇంటి ఏడుపు తెచ్చి వందేళ్ళ కిందటి మనిషి మీద పోస్తే ఎలా?

పాత_కాగితం: ఏడుపా? మాట జాగ్రత్త.

గట్టుమీద_చెట్టు: అయితే మా ఇంటిదీ వినండి. నాన్న పోయాక అమ్మ వితంతు పింఛను కోసం మూడేళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ ఇంకో కాగితం అడిగేవాళ్ళు. చివరికి వార్డు నాయకుడు ఒక్క ఫోన్ కొట్టాడు, వారంలో వచ్చింది. అతని మీద కేసులున్నాయి. అయినా ఓటు అతనికే.

పాత_కాగితం: అక్కడే నాకు మంట. అది అమ్మగారి హక్కు, అతనిచ్చిన దానం కాదు. ఆ కౌంటర్ సరిగ్గా పనిచేస్తే అతని ఫోన్‌కి విలువేముంది? అది బాగుపడకుండా ఉంటేనే అతనికి లాభం.

గట్టుమీద_చెట్టు: బాగుపడేదాకా అమ్మ ఏం తినాలి?

చార్లెస్_ఒడ్డు: 1947లో మెయిల్ మోసం (పోస్టు వాడి చేసిన మోసం) కేసులో కర్లీ డాన్‌బరీ జైలుకెళ్ళాడు, మేయర్‌గా ఉండగానే. ఆ ఐదు నెలలూ ఆఫీసు నడిపింది సిటీ క్లర్క్ జాన్ హైన్స్. 1949 ఎన్నికల్లో కర్లీని ఓడించింది ఆయనే.

సరదా_రావు: అంటే కౌంటర్ మనిషే గెలిచాడు!

గట్టుమీద_చెట్టు: గెలిచాడు. అప్పటికి కర్లీకి డెబ్భై నాలుగేళ్ళు.