బీఎంఎక్స్ ట్రాకులు పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా?

పానగల్లు_గట్టు:
మా అబ్బాయికి పదకొండేళ్లు. ఒలింపిక్స్ వీడియోలు చూసినప్పటి నుంచి బీఎంఎక్స్, అదే మట్టి గుట్టల మీద చిన్న సైకిళ్ల పందెం, అంటూ ప్రాణం తీస్తున్నాడు. అమెరికాలో ఉండే మా బావమరిది మాత్రం వాళ్ల ఊళ్లో ట్రాకు మూతపడిందంటాడు. అసలు ఈ ట్రాకులు పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా? నల్గొండ చుట్టుపక్కల ఒకటి వేసుకోవచ్చా? ఇరవై అంగుళాల చక్రాల సైకిలు ఎక్కడ దొరుకుతుంది?

మొరం_ట్రాక్టర్:
లోకం సంగతి తెలియదు, నేను వేసినది మాత్రం నిలవలేదు. మూడేళ్ల క్రితం దేవరకొండ రోడ్డులోని మా చెలకలో అన్న కొడుకుల కోసం మట్టి గుట్టలు పోశాను. కింద ఎర్రమట్టి, పైన రెండు ట్రిప్పుల మొరం. రోలరు దొరక్క ట్రాక్టరుతోనే తొక్కించాను. నాలుగు ఆదివారాలు పిల్లలు గాలిలో ఎగిరారు. జూన్‌లో ఒకే ఒక్క వాన. తెల్లవారి చూస్తే గుట్టల మీద వేలు పట్టేంత చారలు, కింద కంకర తేలి ఉంది. చిన్నవాడు దాని మీదే జారి మోచెయ్యి గీరుకున్నాడు. ఇప్పుడు అక్కడ కంది వేస్తున్నాం.

రేగడి_రైతు:
చెలక మట్టికి జిగట ఎక్కడిది? నాలుగో వంతు రేగడి కలపాల్సింది.

మొరం_ట్రాక్టర్:
కలిపితే ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. ముందు చక్రం నెర్రెలో దిగితే పిల్లవాడి పళ్లకు మీరు బాధ్యులా?

రేగడి_రైతు:
మొత్తం రేగడి వేయమన్నానా? చదివి మాట్లాడండి. మా నాన్న కల్లం చేసేటప్పుడు నీళ్లు చల్లి, ఎడ్లతో తొక్కించి, పేడతో అలికేవారు. వడ్ల గింజ ఒక్కటి మట్టిలో దిగేది కాదు. మట్టిని పాకానికి తేవడం తెలియక వానను తిడితే ఎలా?

మొరం_ట్రాక్టర్:
కల్లం చదునుగా ఉంటుంది సార్, ఇది గుట్ట. పేడ అలికిన వాలు మీద మీరు సైకిలు దింపి చూపించండి, నేను వీడియో తీస్తాను.

డల్లాస్_జడ్చర్ల:
పెద్దలిద్దరూ శాంతించండి. ఇక్కడ వాలు మలుపులకు తారు వేస్తారు, మిగతా మట్టి మీద గట్టిపడే ద్రావణం చల్లుతారు. అయినా వాన తరువాత పార పట్టక తప్పదు.
అసలు ప్రశ్నకు వస్తే, ఇది 1970ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటారు సైకిలు పందేలు చూసి, ఖాళీ స్థలాల్లో మొదలుపెట్టిన ఆట. ఎనభైల్లో వెర్రిగా పెరిగి, ఆ దశాబ్దం చివరికి చల్లారింది. 2011లో ఇక్కడి రెండు పెద్ద పోటీ సంఘాలు ఒకటైపోయాయి. ట్రాకులంటారా, ఒకచోట కొత్తది లేస్తుంది, ఇంకోచోట పాతది పోతుంది. మా పాత ట్రాకు మూతపడింది పిల్లలు రాక కాదు. దాన్ని నడిపే దంపతుల కొడుకు కాలేజీకి వెళ్లిపోయాడు, మరి పార పట్టేవారు లేరు. అందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే.

వెలోడ్రోమ్_వీరుడు:
నేను ఉస్మానియా వెలోడ్రోమ్‌లో, అంటే సైకిలు పందేల గుండ్రటి ట్రాకులో, తొక్కినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, వినండి. ఈ ఆట 2004 ఒలింపిక్స్ నుంచే ఉంది, తగ్గే ప్రశ్నే లేదు. బయలుదేరే గుట్ట ఎనిమిది మీటర్లు ఉండాలి. లేకపోతే దాన్ని ట్రాకు అనకూడదు.

గణితం_మేడం:
2004 కాదు, 2008 బీజింగ్. పురుషుల తొలి స్వర్ణం లాత్వియా ఆటగాడిది, 2012లోనూ అతనిదే. ఆ దేశ జనాభా ఇరవై లక్షలకు అటూ ఇటూ. మన ఉమ్మడి నల్గొండ 2011 లెక్కల్లోనే 34 లక్షలు దాటింది. ఎనిమిది మీటర్లంటారా, అది ఒలింపిక్ స్థాయికి. మామూలు పోటీలకు ఐదు మీటర్లో, అంతకన్నా తక్కువో ఉంటుంది గుట్ట. పదకొండేళ్ల పిల్లవాణ్ని రెండున్నర అంతస్తుల మీది నుంచి దింపుతారా?

వెలోడ్రోమ్_వీరుడు:
నాలుగేళ్ల తేడాకు ఇంత రాద్ధాంతమా? తొక్కినవాడికి తెలుస్తుంది, ఫోనులో వెతికినవాళ్లకు కాదు.

గణితం_మేడం:
ఒలింపిక్స్‌లో నాలుగేళ్లంటే ఒక ఒలింపిక్స్ సార్. మీ వెలోడ్రోమ్‌లో గుట్టలు ఎన్ని ఉన్నాయో చెప్పండి.

ఇద్దరు_మగపిల్లల_అమ్మ:
గుట్ట ఎత్తు తరువాత చూసుకోండి, తల సంగతి చూడండి. గడ్డం దాకా కప్పే పిల్లల హెల్మెట్ కోసం మహబూబ్‌నగర్‌లో ఐదు దుకాణాలు తిరిగాను. చివరికి ఒకాయన స్కూటరు హెల్మెట్ ఇచ్చి “పెరిగే పిల్లవాడే కదమ్మా, సరిపోతుంది” అన్నాడు. మావాడు తల పక్కకు తిప్పితే హెల్మెట్ తిరగలేదు, కళ్లు దాని లోపలికి పోయాయి.

పానగల్లు_గట్టు:
అందరికీ ధన్యవాదాలు. సైకిలు గురించి ఒక్కరూ చెప్పలేదు.

డల్లాస్_జడ్చర్ల:
గేర్లు ఉన్నది కొనకండి. వెనక బ్రేకు బాగుండాలి. స్టాండు, మడ్‌గార్డు, బుట్ట, గంట విప్పేయండి. ముందుగా సైకిలు బరువు తగ్గాలి.

మొరం_ట్రాక్టర్:
మా చెలకలో కంది కోత జనవరిలోపు అయిపోతుంది. అప్పటి నుంచి వానాకాలం దాకా ఖాళీయే. అబ్బాయిని తీసుకురండి అన్నా. రేగడి సార్, మీ మట్టి ఒక ట్రిప్పు పంపండి, కిరాయి మీదే.

రేగడి_రైతు:
సగం మీది. పేడ కూడా పంపాలా?