పెట్రోల్ బంక్ ట్యాంకు కారింది: మట్టి తవ్వి పారేయాలా, నేలలోనే శుభ్రం చేయాలా?

కొట్టివాక్కం శారద
మా అపార్ట్‌మెంట్ గోడ అవతల పాత పెట్రోల్ బంక్ ఉంది. భూమిలోని ట్యాంకు కారుతోందని తేలాక అమ్మకాలు ఆపారు. మా బోరు నీళ్లు పెట్రోలు వాసన కొడుతున్నాయి, పరీక్షలో పెట్రోలులో ఉండే బెంజీన్ అనే విష రసాయనం బయటపడింది. ట్యాంకు తీసేసి, నీళ్లు తోడి శుద్ధి చేస్తామని బంక్ వాళ్లు అంటున్నారు. మట్టి మొత్తం తవ్వి తీసుకుపోవాల్సిందేనని అసోసియేషన్‌లో సగం మంది పట్టుబడుతున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

పెరంబూరు రమణ
తవ్వించండమ్మా. 2013లో చెన్నై తొండియార్‌పేటలో చమురు పైపులైను కారి బోరు నీళ్లు పాడయ్యాయి. ఆ తర్వాత పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రైబ్యునల్, పరీక్షలు, తోడటం అంటూ ఏళ్లు గడిచాయి. లారీలో మట్టి పోతే కంటికి కనిపిస్తుంది. నేల లోపలే బాగు చేస్తున్నామంటే ఎవరు దిగి చూస్తారు?

నేలనీటి ఇంజినీరు
శారద గారూ, ముందు బోరు మోటారు ఆపేయండి. మీరు తోడే కొద్దీ ఆ పెట్రోలు మీ వైపే వస్తుంది. ఆ నీళ్లు కాచినా లాభం లేదు, బెంజీన్ ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది. స్నానానికీ వాడొద్దు. ఆర్వో ఉంది కదా అనుకోవద్దు.

ఇది చిన్న విషయం కాదు. మన పెట్రోలులో బెంజీన్ 1 శాతం వరకు ఉండొచ్చు, అంటే లీటరుకు దాదాపు 9 గ్రాములు. తాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. లెక్క వేస్తే ఒక్క లీటరు పెట్రోలు దాదాపు 9 లక్షల లీటర్ల నీటిని, అంటే 12 వేల లీటర్ల లారీలు 70కి పైగా, ఆ హద్దుకు తీసుకెళ్లగలదు.

రమణ గారి అనుమానం న్యాయమైనదే. అయినా మొత్తం తవ్వడానికి నేను ఒప్పుకోను. పెట్రోలు నీటికంటే తేలిక, భూగర్భ జలం మీద తేలుతుంది. ఈశాన్య రుతుపవనాలకు నీటిమట్టం లేస్తుంది, వేసవిలో దిగుతుంది. దాంతోపాటు పెట్రోలూ పైకీ కిందికీ కదులుతూ మధ్యలోని ఇసుకకంతా పట్టుకుంటుంది. అక్కడిదాకా తవ్వాలంటే గుంతలోకి ఊరే నీళ్లు తోడుతూనే ఉండాలి, గోడల పునాదులు కాపాడాలి, రోజుల తరబడి ఆవిర్లు పీల్చాలి. ఆ మట్టిని ఎక్కడపడితే అక్కడ పోయకూడదు, చెన్నై దగ్గరి గుమ్మిడిపూండిలో ఉన్నదానిలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి.

ట్యాంకు చుట్టూ నల్లబడిన మట్టి మటుకు తీయించండి. తేలే పెట్రోలును బావుల్లోంచి తోడాలి. నీటిమట్టానికి పైనున్న మట్టిలోంచి ఆవిర్లు పంపుతో లాగాలి, నీళ్లలో కరిగినదీ ఆవిరై పైకి వచ్చేలా కింద నీళ్లలోకి గాలి పంపాలి. మీది సముద్రం పక్క ఇసుక నేల, గాలి బాగా ఆడుతుంది కాబట్టే ఈ మాట చెబుతున్నాను. బంకమట్టి అయితే ఇలా చెప్పను.

కేవలం నీళ్లు తోడి శుద్ధి చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. తోడినన్నాళ్లు ఫలితాలు బాగుంటాయి, ఆపగానే ఇసుకకు పట్టినది మళ్లీ నీళ్లలోకి దిగుతుంది.

కిరణ్ (తిరువళ్లూరు)
అసలు అంత ఖర్చు దేనికి? పెట్రోలును తినే సూక్ష్మజీవులు నేలలోనే ఉంటాయి. ట్యాంకు తీసేసి, పరీక్షలు చేస్తూ వదిలేసే పద్ధతి అమెరికాలోనూ ఉంది కదా.

నేలనీటి ఇంజినీరు
ఉంది కిరణ్ గారూ. కానీ అది తేలే పెట్రోలు తీసేశాక, దగ్గర్లో బోర్లు లేనిచోట చేసే పని. ఇక్కడ గోడ పక్కనే పిల్లలున్న ఇళ్లు. పైగా ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌నే తింటాయి, నేలలోని ఆక్సిజన్ దానికే ఖర్చవుతుంది. బెంజీన్ అరగక ఇంకా దూరం పాకుతుంది.

కొట్టివాక్కం శారద
ఖర్చులో అసోసియేషన్ కూడా వాటా వేసుకోవాలని ఒకాయన అంటున్నారు. మా ఇంకుడు గుంత కూడా ఆ గోడ పక్కనే ఉంది.

పెరంబూరు రమణ
ఒక్క రూపాయి ఇవ్వకండి! కాలుష్యం చేసినవాడే భరించాలని 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు తోలు పరిశ్రమల కేసులోనే చెప్పింది. అదీ మన తమిళనాడు కేసే. కలుషిత స్థలాల మీద 2025లో కేంద్రం ప్రత్యేకంగా నియమాలు కూడా తెచ్చింది. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాసి రసీదు తీసుకోండి.

నేలనీటి ఇంజినీరు
డబ్బు విషయంలో రమణ గారిదే నా మాట. ఇంకుడు గుంతలోకి వాన నీరు దిగితే పెట్రోలు పక్కకు నెట్టుకుపోతుంది. ఇక్కడ గుంతలు 2003 నుంచి తప్పనిసరి కాబట్టి ఊరికే మూసేయకండి, అధికారులకు చెప్పి మేడ మీది నీటిని అవతలి వైపు గుంతకు మళ్లించండి. నీళ్ల నమూనాలు తీసే పరిశీలన బావులు మీ గోడకు ఇవతల కూడా వేయించమని అడగండి. నమూనాలు బంక్ వాళ్ల ల్యాబ్‌లో కాకుండా బయట పరీక్ష చేయించాలి. పని ఆపాక కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి ఫలితాలు చూడాలి.

పెరంబూరు రమణ
అదంతా గడువులతో కాగితం మీద రాసిచ్చి, ఫలితాలు గేటు దగ్గర అతికిస్తే తవ్వకం మీద నేను పట్టుబట్టను. రాసివ్వకపోతే మాత్రం తవ్వాల్సిందే శారదమ్మా.