బమాకోలో కూర్చుని పాడితే ధైర్యమంటారా? (టికెన్ జా ఫకోలీ)

గోదారిగట్టు: ఐవరీ కోస్ట్ రెగ్గే గాయకుడు ఫకోలీ. 2002లో అక్కడ అంతర్యుద్ధం మొదలయ్యాక చంపుతామని బెదిరింపులొస్తే మాలి రాజధాని బమాకో చేరాడు. 2004లో ‘కూ ద గేల్’ ఆల్బమ్‌లో పాలకుల్ని గద్దె దిగమని పాడాడు. సరిహద్దు దాటాక ఎవరైనా పాడతారు.

టేపురికార్డర్: ఆయన ఆల్బమ్‌లలో ‘మాంజెక్రాసీ’ 1996ది, ‘ఫ్రాన్సాఫ్రిక్’ 2002ది. వెళ్ళాక పాడటం మొదలుపెట్టలేదు సార్, పాడినందుకే వెళ్ళాల్సొచ్చింది.

గోదారిగట్టు: అసలది ప్రవాసమేనా? సొంతూరు ఒడియెన్నే మాలి సరిహద్దుకి దగ్గరే. రెండు వైపులా మాండింగ్ భాషలే.

చిన్నమ్మి: భాష కలిస్తే సొంతిల్లు అయిపోతుందా అండీ?

టేపురికార్డర్: 2007 డిసెంబరులో సెనెగల్ రాజధాని డకార్ వేదిక మీద ఫకోలీ, సెనెగల్ మీద ప్రేముంటే అధ్యక్షుడు వాద్ దిగిపోవాలన్నాడు. ఆ దేశమూ 2010 దాకా రానివ్వలేదు. జాగ్రత్తపరుడు చేసే పనేనా?

గోదారిగట్టు: అక్కడా విమానం ఎక్కేసి వచ్చేశాడు కదా! గల్ఫ్‌లో మా గదిలో ఒకడు జీతాలు ఆపారని వీడియో పెట్టి రాత్రికి రాత్రే ఊరెళ్ళిపోయాడు. ఊళ్ళో హీరో. ఇక్కడ మా మంచాల కింద పెట్టెలన్నీ తీయించి సోదా చేశారు. వీడియోలో వాడి వెనక తాడు మీద ఆరేసిన నా చొక్కా కనిపించిందని నా ఓవర్‌టైమ్ కోసేశారు.

బుల్లిరాజు: జీతాలొచ్చాయా అన్నా?

గోదారిగట్టు: రెండు నెలలకి వచ్చాయి. అది కాదు పాయింట్.

టేపురికార్డర్: అదే పాయింట్! వాడు మాట్లాడినందుకు కాదు, మిమ్మల్ని అడక్కుండా మాట్లాడినందుకు మీ కోపం. దాన్ని తెచ్చి ఫకోలీ నెత్తిన రుద్దుతున్నారు. ఐవరీ కోస్ట్‌లో 90ల నుంచే ‘ఇవ్వారితే’ (అసలైన ఐవరీ కోస్ట్ వాళ్ళెవరన్న వాదం) పేరుతో ఉత్తరాది పేర్లున్నవాళ్ళని మీరీ దేశం వాళ్ళేనా అని నిలదీశారు. ఆ కష్టం పాట తెచ్చిందా? ఆయన సన్నిహితుల్నే చంపారు.

గోదారిగట్టు: చూశారా, చచ్చింది వెళ్ళలేనివాళ్ళే. పాట తెచ్చిందని నేననలేదు. మిగిలినవాళ్ళని ఒక్క మాట అడగాలా వద్దా?

టేపురికార్డర్: అడిగితే వద్దంటారు. నేనైనా వద్దనే అంటాను. ఇక పాటెక్కడిది?

చిన్నమ్మి: ‘ఒక కచేరీ, ఒక బడి’ అని కచేరీ డబ్బుతో బడులు కట్టించాడు, ఆ ఊసే లేదేం?

గోదారిగట్టు: బడులకి వేరే థ్రెడ్ పెట్టమ్మా. టేపురికార్డర్ గారూ, వద్దంటే ఆగాల్సిందే. మా గదిలో పన్నెండుమందిమి ఉండేవాళ్ళం, ఒక్కడు లెక్కేసుకున్నాడు.