చెన్నైలో పాత తెలుగు రికార్డులు: షాపులు తిరగాలా, ఆన్‌లైన్‌లో కొనాలా?

గుంటూరు_టు_చెన్నై:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద గుంటూరు నుంచి చెన్నై శివార్లలోని సిరుసేరికి మారాను. మా తాతగారి రికార్డు ప్లేయర్ బాగు చేయించి వెంట తెచ్చుకున్నాను. నేను వినేవన్నీ యాభై, అరవై, డెబ్భైల నాటి సినిమా పాటలే. మంచి రికార్డు షాపు కోసం మ్యాప్‌లో వెతికితే గిటార్లు, కీబోర్డులు అమ్మే షాపులే ఎక్కువ వస్తున్నాయి. ఆఫీసులో ఒకాయన "ఈ రోజుల్లో షాపులేంటి, అంతా ఆన్‌లైనే" అని తీసిపారేశారు. నాకు మాత్రం చేత్తో తీసి చూసుకుని కొనాలని ఉంది. మీరైతే ఏం చేస్తారు?

ఓఎంఆర్_శీను:
ఆన్‌లైనే బ్రో, ఆలోచించక్కర్లేదు. సిరుసేరి నుంచి సెంట్రల్ స్టేషన్ దాకా 30 కిలోమీటర్ల పైనే ఉంటుంది. శనివారం ట్రాఫిక్‌లో సగం రోజు రోడ్డు మీదే పోతుంది, తీరా వెళ్తే నీకు కావలసింది ఉండదు. రికార్డులు కొని అమ్మే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో అయితే లేబుల్ ఫోటో, క్యాటలాగ్ నంబరు, కండిషన్ గ్రేడ్ అన్నీ చూసుకోవచ్చు. ఇన్‌స్టాలో అమ్మేవాళ్లలో కొందరు వీడియో కాల్ చేసి మరీ వేసి వినిపిస్తారు. షాపులో ఇంత ఓపిక ఎవరికుంది?

సూదిమొన:
శీను గారూ, ఇంగ్లిష్ రాక్, జాజ్ కొనేవాళ్లకి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లూ కరెక్ట్. కానీ ఆయన అడిగింది తెలుగు పాటలు, అదీ చెన్నైలో. అక్కడే లెక్క మారిపోతుంది. డిస్కాగ్స్‌లో వివరాలు వాడేవాళ్లే ఎక్కిస్తారు, కాబట్టి ఎవరూ ఎక్కించని రికార్డు అక్కడ లేనట్టే. అటు రెండు పాటలు, ఇటు రెండు పాటలతో వచ్చిన ఆ 7 అంగుళాల తెలుగు ఈపీలు ఒక్కసారి వెతికి చూడండి, ఎన్ని ఖాళీలున్నాయో మీకే తెలుస్తుంది.

మన సినిమా దశాబ్దాల పాటు ఈ ఊళ్లోనే ఉంది. వడపళనిలో విజయా వాహినీ, టి.నగర్ వీధుల్లో మన గాయకుల ఇళ్లు. పాట ఇక్కడ పాడితే రికార్డు కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చై మళ్లీ అమ్మకానికి ఇక్కడికే వచ్చేది. ఏవీఎం మెయ్యప్పన్ గారు కూడా సినిమాలు తీయకముందు సరస్వతీ స్టోర్స్ పేరుతో రికార్డుల వ్యాపారమే చేశారు. అలాంటి ఊళ్లో ఉంటూ ఫోన్‌లో వెతుక్కోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మొదట సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌కి వెళ్లండి. పాతది 1985లో కాలిపోయింది, ఆ స్థలంలో ఇప్పుడు సబర్బన్ స్టేషన్ ఉంది. వ్యాపారులకి దగ్గర్లోనే అల్లికుళం కాంప్లెక్స్‌లో చోటిచ్చారు. జనం ఇప్పటికీ మూర్ మార్కెట్ అనే అంటారు, ఆటోవాళ్లకీ అలాగే చెప్పండి. అక్కడ అన్నీ దొరుకుతాయని మాత్రం అనను. పాత సామాన్లు, పాత పుస్తకాలు అమ్మేవాళ్లని రికార్డుల గురించి అడగండి. ఏదో ఒక చిన్న ఈపీ కొన్నాక "మీ దగ్గర లేనిది ఎవరి దగ్గర ఉంటుందన్నా?" అని అడిగారంటే, ఏ మ్యాప్‌లోనూ లేని అడ్రసు ఆయన నోటి నుంచే వస్తుంది. కొత్త ఊళ్లో షాపులు దొరికేది ఇలాగే.

మంచి షాపుకి నా గుర్తు ఒకటే, రికార్డు కవర్లోంచి తీసి చూడనివ్వాలి. ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పండి. పైపైన సన్నగా మెరిసే గీతలకి కంగారు పడకండి, గోరు తగిలి ఆగే గీత ఉంటే మాత్రం అక్కడ టప్ టప్‌మని కొడుతుంది. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ చూడండి. అక్కడ బూడిద రంగు చారలు అల్లుకుపోయి ఉంటే ఎవరో అరిగేదాకా వేశారని అర్థం. తర్వాత అంచుని కంటి ఎత్తులో పెట్టి వంపు చూడండి. కవరు లోపల వాసన కూడా చూడాలి, ఈ ఊరి ఉక్కకి బూజు ఊరికే పట్టేస్తుంది. ఆన్‌లైన్‌లో కండిషన్ గ్రేడ్‌గా రాసే "వీజీ ప్లస్" (వెరీ గుడ్ ప్లస్) అన్న రెండు ముక్కల్లో ఇదంతా తెలుస్తుందా?

ఓఎంఆర్_శీను:
సూదిమొన గారూ, చూడడం సరే, వినడం సంగతేంటి? నేను తిరిగిన చోట్ల వేసి వినిపించమంటే ప్లేయర్ లేదన్నారు. ధర రాసి ఉండదు, మన ముఖం చూసి చెబుతారు. తమిళం రానివాడైతే ఇక చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాడిని అక్కడికి పంపితే నెల తిరక్కుండానే ఈ సరదా వదిలేస్తాడు. ఆన్‌లైన్‌లో కనీసం పది మంది ధరలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

పెరంబూరు_పద్మ:
నేను పుట్టి పెరిగిందంతా ఈ ఊళ్లోనే. మీరిద్దరూ కొనే చోటు గురించే మాట్లాడుతున్నారు, అసలు రికార్డులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరూ అనడం లేదు. అవి ఇళ్లలో ఉన్నాయి. పాత ఇల్లు కొట్టి ఫ్లాట్లు కట్టేటప్పుడు అటక దించుతారు, అప్పుడు బయటపడతాయి. మా వీధిలో ఒక పెద్దావిడ దగ్గర ట్రంకు పెట్టె నిండా ఉంటే ఒక వ్యాపారి వచ్చి పాత పేపర్ల రేటుకి తూకం వేసి పట్టుకుపోయాడు. వాళ్ల ఆయన ఒక్కొక్కటిగా కొని దాచినవి అవి. నాకు తెలిసేసరికే అయిపోయింది, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బాబూ, మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టు, తెలుగు వాళ్లు ఎవరో ఒకరు ఉండకపోరు. వెళ్లినప్పుడు వాళ్ల ఎదురుగానే ఒక పాట వేసి వినిపించు, న్యాయమైన ధర ఇవ్వు. ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ (పెద్ద సైజు రికార్డు) చాలా ఇళ్లలో ఉంటుంది, 1974లో ఆయన పోయాక వచ్చింది. అది మాత్రం ఇవ్వమని అడగకు, చాలామందికి అది పూజగదిలోది.

గుంటూరు_టు_చెన్నై:
పద్మ గారూ, పొద్దున్నే గ్రూపులో పెట్టాను, సాయంత్రానికే మూడో అంతస్తులో ఉండే అంకుల్ పిలిచారు! ఆయన దగ్గర అన్నీ బరువుగా, మందంగా ఉన్న, నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 స్పీడువి. దుమ్ము బాగా పట్టింది. ఇవి నా ప్లేయర్‌లో వేయొచ్చా? స్పిరిట్‌తో తుడిస్తే పోతుందా?

సూదిమొన:
స్పిరిట్ ముట్టించకండి! అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరిగి, సూది నడిచే గాడి పాడైపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి, లేబుల్‌కి తగలకుండా గాడి వెంట గుండ్రంగా తుడవండి. ఎల్పీ సూదితో మాత్రం వేయకండి, 78 గాడి వెడల్పు, దానికి లావు మొన కావాలి. మీ తాతగారి ప్లేయర్‌లో సూది పక్కన చిన్న మీట ఉందేమో చూడండి, అటు తిప్పితే ఎల్పీకి, ఇటు తిప్పితే 78కి. సూది అరిగిపోయి ఉంటే ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచ్చీ స్ట్రీట్‌లో పాత ఆడియో సామాను ఎవరి దగ్గరుందో అడగండి. మోసుకెళ్లేటప్పుడు నిలువుగా పెట్టండి, కింద పడితే పెంకుల్లా పగిలిపోతాయి.

ఓఎంఆర్_శీను:
లేబుళ్ల ఫోటోలు, నంబర్లతో సహా ఇక్కడ పెట్టు బ్రో. ఆన్‌లైన్‌లో ఏ ధరకి పోతున్నాయో చూసి చెబుతాను, అంకుల్‌కి తక్కువ ఇవ్వకుండా ఉంటావు.